తోకకప్ప తోక మళ్లీ మొలిచేటప్పుడు రోగనిరోధక కణాల పనిని గమనించే విధానం

మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే వరంగల్, ములుగు, జనగామ ప్రాంతాల్లో నారుమళ్ల పక్క గుంతలూ కుంటల ఒడ్లూ తోకకప్పలతో నిండిపోతాయి. జాగ్రత్తగా చూస్తే వాటిలో కొన్నింటి తోక కొస తెగి కనిపిస్తుంది. తూనీగ పిల్లలో, చేపలో, ఒక్కోసారి తోటి తోకకప్పలో కొరికిన గాయాలవి. ఆ తోక కొద్ది రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. దానిని ఎలా గమనించాలో, గాయం లోపల రోగనిరోధక కణాలు ఏ దశలో ఏం చేస్తాయో డిగ్రీ విద్యార్థులకూ జీవశాస్త్ర ఉపాధ్యాయులకూ ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నింటికంటే ముందు, తోకను మీరు కత్తిరించకూడదు. వెన్నెముక గల జంతువుపై ప్రయోగం చేయాలంటే సంస్థలోని జంతు నైతిక సంఘం ఆమోదం తప్పనిసరి. డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువుల కోతను యూజీసీ 2014లో నిలిపివేసింది. చట్టం సంగతి అటుంచినా, ప్రకృతిలోనే గాయపడినవి దొరుకుతున్నప్పుడు కొత్తగా ఒక ప్రాణిని గాయపరచడానికి ఏ కారణమూ లేదని నా గట్టి అభిప్రాయం. పట్టుకెళ్లి కొన్ని రోజులు ఉంచుకోదలిస్తే కళాశాల ద్వారా అటవీ శాఖను సంప్రదించండి. ఆ వీలు లేకపోతే ఒడ్డునే తెల్లని పళ్లెంలో కుంట నీటితో సహా ఉంచి, ఫోటో తీసి, వెంటనే వదిలేయండి. ఒకే గుంతలో తాజా గాయాలూ సగం మానినవీ దాదాపు పూర్తిగా పెరిగినవీ పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి ఈ పద్ధతిలోనూ దశలన్నీ కనిపిస్తాయి.

భద్రకాళి, వడ్డేపల్లి వంటి పెద్ద చెరువుల లోతు నీటిలో వెతకడం వృథా. చేపలు తక్కువగా ఉండే, మోకాలి లోతు కూడా లేని వాన నీటి గుంతలే అనువైనవి. చేతులకు సబ్బు, దోమల మందు అంటి ఉండకూడదు. తోకకప్పను వేళ్లతో పట్టుకోకుండా వెడల్పాటి గరిటెతో నీటితో పాటు ఎత్తాలి. తొట్టిలో అదే గుంత నీటిని పోయడం మేలు. నల్లా నీరు వాడవలసి వస్తే, అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పాటి తొట్టిలో కనీసం ఒక రోజు ఆరుబయట ఉంచాకే వాడాలి. తొట్టి నీడలో ఉండాలి. ఉడికించిన పాలకూర చిటికెడు వేసి, మిగిలినది సాయంత్రానికి తీసివేసి, రోజూ కొంత నీరు మార్చాలి.

నీరు కుళ్లకుండా చూసుకోవాలి గానీ, శుభ్రత పేరుతో యాంటీబయాటిక్ మాత్రం కలపకండి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో కారొలైన్ బెక్ బృందం జెనోపస్ అనే ఆఫ్రికా కప్పపై చేసిన పరిశోధనలో, జెంటమైసిన్ కలిపిన నీటిలో పెరిగిన తోకకప్పలకు తోక మళ్లీ మొలిచే అవకాశం తగ్గింది. బ్యాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలిశాకరైడ్‌ను అందిస్తే ఆ సామర్థ్యం పెరిగింది. చర్మంపై సహజంగా ఉండే సూక్ష్మజీవులు గాయం వద్ద రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపి తోక మళ్లీ మొలవడానికి దోహదం చేస్తున్నాయని దీని నుంచి అర్థమవుతుంది.

రోజూ ఒకే వేళకు, గ్రాఫ్ కాగితంపై ఉంచిన గాజు పళ్లెంలో, ఒకే కోణంలో ఫోటో తీయండి. మలద్వారం నుంచి తోక కొస వరకు పొడవునూ నీటి ఉష్ణోగ్రతనూ రాసుకోండి. తాజా గాయం అంచు చిరిగినట్లుగా, గరుకుగా ఉంటుంది. పైచర్మం కొన్ని గంటల్లోనే దానిని కప్పివేస్తుంది. ఆ తరువాత కొసన పారదర్శకంగా, కొద్దిగా ఉబ్బిన మొగ్గ ఏర్పడుతుంది. ప్రయోగశాలలో పెంచిన జెనోపస్ తోకకప్పల్లో సుమారు వారం రోజులకు తోక చాలావరకు తిరిగి వస్తుంది. మన గుంతల్లోని జాతులకు అదే లెక్క వర్తించాలని లేదు, అందుకే మీ సొంత కొలతలే ముఖ్యం.

కళాశాలలో సూక్ష్మదర్శిని ఉంటే మరింత లోతుగా చూడవచ్చు. వాచ్ గ్లాస్‌లో కొద్దిపాటి నీటితో తోకకప్పను ఉంచి, వేడి పుట్టించని ఎల్ఈడీ వెలుతురులో, తక్కువ వృద్ధీకరణంతో, ఒకటి రెండు నిమిషాలకు మించకుండా తోక పలుచని రెక్కను చూడండి. నక్షత్రాల్లా చాచుకున్న నల్లని వర్ణక కణాల మధ్య, సన్నని రక్తనాళాల్లో కేంద్రకం గల అండాకార ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తుతుంటాయి. ఓపికగా చూస్తే నాళపు గోడను అంటుకుని మెల్లగా దొర్లే రంగులేని గుండ్రటి కణం ఒకటి కంటబడవచ్చు. అది తెల్ల రక్తకణమని చెప్పవచ్చు. అది ఏ రకానికి చెందిందో మాత్రం ప్రత్యేకమైన రంజకాలు లేకుండా చెప్పలేము, నమోదు పుస్తకంలోనూ అలాగే రాయాలి.

గాయం లోపల జరిగేది ఈ క్రమంలో అర్థం చేసుకోండి. గాయమైన వెంటనే అక్కడి కణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ అణువులను విడుదల చేస్తాయి. జెనోపస్ తోకలో ఇవి రోజుల తరబడి నిలిచి ఉంటాయనీ, వీటిని తగ్గిస్తే తోక సరిగా పెరగదనీ 2013లో ఎన్రిక్ అమాయా బృందం చూపింది. మొదటి గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేరుకుంటాయి. వాటి వెంట వచ్చే మాక్రోఫేజ్‌లు అనే మరో రకం రోగనిరోధక కణాలు చనిపోయిన కణాలనూ, పని ముగిసిన న్యూట్రోఫిల్స్‌నూ మింగివేసి, చుట్టుపక్కల కణాలకు పెరుగుదల సంకేతాలు పంపుతాయి. కోత అయిన పొలంలో కొయ్యకాళ్లు దున్నకుండా నాటు వేయలేనట్లే, ఈ శుద్ధి జరగకుండా కొత్త కణజాలం మొదలు కాదు.

ఇందుకు బలమైన రుజువు ఆక్సొలాటల్ అనే మెక్సికో సాలమాండర్ నుంచి వచ్చింది. జేమ్స్ గాడ్విన్, నాడియా రోజెంతాల్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, మాక్రోఫేజ్‌లను నాశనం చేసే క్లోడ్రొనేట్ లైపోజోమ్‌లను ముందే ఎక్కించి కాలు తీసివేస్తే ఆ కాలు తిరిగి రాలేదు. గాయం కొసన మచ్చ కణజాలం పేరుకుపోయింది. మాక్రోఫేజ్‌లు తిరిగి వచ్చాక అదే కాలి మొండి కొసను మళ్లీ కోస్తే కాలు పూర్తిగా పెరిగింది. కొంత ఆలస్యంగా, పెరుగుదల మొదలైన తరువాత వాటిని తొలగిస్తే ఎదుగుదల నెమ్మదించిందే తప్ప ఆగిపోలేదు. కాలా, మచ్చా అన్నది మొదటి రోజుల్లోనే తేలుతుంది. మీరు ఎంత తాజా గాయాన్ని ఎంచుకుంటే అంత ప్రయోజనమని చెప్పడానికి కారణం ఇదే.

అయితే రోగనిరోధక కణాలు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని విద్యార్థులు అనుకోవడం సహజం, అది సరికాదు. జెనోపస్ తోకకప్ప జీవితంలో, శాస్త్రవేత్తలు 45 నుంచి 47 వరకు సంఖ్యలిచ్చిన దశల్లో, తోక తెగితే మళ్లీ మొలవని ఒక చిన్న వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో గాయం వద్ద రోగనిరోధక స్పందన చల్లారకుండా సాగుతుందనీ, దానిని అణచే మందులు ఇస్తే తోక తిరిగి మొలుస్తుందనీ 2009లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు చేరే మైలాయిడ్ వంశపు కణాలు లేకపోతే మొలవగలిగే దశలోని తోక కూడా మొలవదని 2020లో వెలువడిన మరో పరిశోధన తెలిపింది. ఆ కణాలు సకాలంలో రావడం ఎంత అవసరమో, పని ముగించి తగ్గడమూ అంతే అవసరం. తరగతిలో ఒక్క విషయమే చెప్పే సమయం ఉంటే నేను ఎంచుకునేది ఇదే.

విద్యార్థులు ఇంటి గోడ మీద బల్లి తోకను ఉదాహరణగా తెస్తారు. బల్లి సరీసృపం, దాని కొత్త తోకలో వెన్నుపూసల బదులు మృదులాస్థి గొట్టం వస్తుంది కాబట్టి రెండింటినీ వేరుగా బోధించాలి. సాలమాండర్ల కోసం మన చెరువుల్లో వెతకనక్కరలేదు, మన దేశంలో వాటిలో ఒక రకమైన న్యూట్ తూర్పు హిమాలయాలు, ఈశాన్య కొండల వైపు మాత్రమే ఉంటుంది.

నీటిలో విటమిన్ ఎ కలిపి చూద్దామనే ఉత్సాహాన్ని కూడా ఆపండి. తోక తీసిన మార్బుల్డ్ బెలూన్ కప్ప పిల్లలకు విటమిన్ ఎ ఇచ్చినప్పుడు తోక చోట కాళ్లు మొలిచాయని భువనేశ్వర్‌లోని ఉత్కళ్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రియంబద మొహంతి హెజ్మాడి బృందం 1992లో నేచర్ పత్రికలో ప్రకటించింది. అది మన దేశం గర్వించదగిన పరిశోధన. తొట్టి దగ్గర సరదాకు చేయవలసిన పని కాదు.

వెనుక కాళ్లు పూర్తిగా ఏర్పడి ముందు కాళ్లు బయటపడే సమయానికి కొలతలు ఆపేయండి. తోకకప్ప కప్పగా మారే రూపవిక్రియలో తోక దానంతట అదే కుంచించుకుపోతుంది కాబట్టి ఆ తగ్గుదలను గాయం ఫలితంగా పొరబడే ప్రమాదం ఉంది. తోకకప్పలను తెచ్చిన గుంతలోనే వదలాలి. వేరే నీటిలో వదిలితే చర్మపు శిలీంధ్రం వంటి వ్యాధులు ఒక చోటి నుంచి మరో చోటికి పాకవచ్చు. ఆ గుంత ఎండిపోయి ఉంటే అదే పొలం నీటితో కలిసే దగ్గరి మడిని ఎంచుకుని, తొట్టిని ఎండలో బాగా ఆరబెట్టాకే మళ్లీ వాడండి.