తాత వెబ్లీ చేతికొచ్చాక

తాత పోయాక పర్లాకిమిడి ఇంటి బీరువాలో తోలు ఒరతో సహా దొరికింది, .32 వెబ్లీ మార్క్ 4 రివాల్వరు. మురిసిపోయి లాభం లేదు, లైసెన్సు మన పేరున మారేదాకా దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాల్సిందే. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మామూలు లైసెన్సుపై మనిషికి 2 ఆయుధాలే. ఇక మన ‘కలెక్షన్’ ఏపాటిదో!

చేతికొచ్చాక గొళ్ళెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచండి. సిలిండరులో తూటాలు పెట్టే 6 గదులూ ఖాళీయేనా? కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. మూసి మెల్లగా ఊపితే కీలు దగ్గర టకటకమంటోందా, బాగుచేయించేదాకా పేల్చే ఆశ వదులుకోండి. సుత్తి (హ్యామర్) పూర్తిగా వెనక్కి లాగి నిలిపాక సిలిండరు కదలకూడదు. నాదానికి ఆ కీలే వదులు, బాగుచేసే దాకా పేల్చలేదు.

తూటా .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ మాత్రమే. .32 ఏసీపీ అనే పిస్తోలు తూటా కొన్నిసార్లు దూరుతుంది గానీ పీడనం ఎక్కువ, వద్దు. మహేంద్రగిరి వైపు వెళ్లి పేల్చుదామనే సరదాలొద్దు, అనుమతి ఉన్న రేంజిలోనే. కళ్ళద్దాలు, చెవులకు మఫ్లు తప్పనిసరి. సిలిండరుకీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గ్యాసు చిమ్ముతుంది, అక్కడ వేలు పెట్టకండి.

తర్వాత ఇత్తడి బ్రష్షుతో తోమి, పల్చగా నూనె రాయండి. తోలు ఒరలో మాత్రం దాచకండి. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. మా తాత వెబ్లీకి ఒర అంచు ఆనిన చోటే తుప్పు గీత.