థాయ్‌లాండ్ అరైవల్ కార్డు మనమే నింపుకోవచ్చు

2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లాలంటే డిజిటల్ అరైవల్ కార్డు (మన ప్రయాణ వివరాలతో ముందే ఆన్‌లైన్‌లో నింపే ఫారం) తప్పనిసరి. అమలాపురంలో ఒకచోట దీనికి మనిషికి 500 అడిగారు. అసలు ఫీజే లేదు! థాయ్ ఇమ్మిగ్రేషన్ సైట్‌లో (అడ్రస్ చివర జీఓ డాట్ టీహెచ్ ఉండాలి, చూసుకోండి) అక్కడ దిగే రోజుకి ముందు 3 రోజుల్లోపు నింపాలి. పాస్‌పోర్టు, ఫ్లైట్ నంబరు, హోటల్ అడ్రస్ దగ్గరుంటే పది నిమిషాల పని. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టండి, మనవాళ్లకి తిప్పలన్నీ అక్కడే. అర్ధరాత్రి ఫ్లైటయితే ఎక్కే తేదీ కాదు, దిగే తేదీ వేయాలి. మెయిల్‌కి వచ్చే క్యూఆర్ ప్రింటు తీసుకోండి.

ఇది వీసా మాత్రం కాదు, ఆ సంగతి వేరే చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు 6 నెలలకన్నా తక్కువుంటే కార్డున్నా ఆపేయొచ్చు.