ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్ మధ్యాహ్నం పూటే నెమ్మదిస్తోందా?

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువలో నడపడం. అలాంటి సిస్టమ్‌లో సమస్య ఇలా ఉంటుంది. రాత్రి ఎంతసేపైనా బాగానే నడుస్తుంది. మధ్యాహ్నం వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే ఇరవై నిమిషాలకు స్పీడ్ 5 గిగాహెర్ట్జ్ నుంచి 800 మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది. కాసేపటికి లేస్తుంది, మళ్లీ పడుతుంది. తిరుపతిలో ఎండలు ముదిరితే నా దగ్గరికి ఇలాంటి సిస్టమ్‌లు వరసగా వస్తాయి.

ముందు బయోస్‌లో (సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగ్‌లు) అన్నీ డీఫాల్ట్‌కు పెట్టి, అదే పని అదే వేళకు మళ్లీ చేయించండి. దయచేసి ఈ మెట్టు దాటేయకండి. ప్రాసెసర్ పోయిందని టెన్షన్ పడుతూ వచ్చేవాళ్లను "డీఫాల్ట్‌లో చూశారా?" అని అడిగితే లేదంటారు. డీఫాల్ట్‌లోనూ పడిపోతుంటే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు. ఫిల్టర్‌లో దుమ్ము, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ చూసుకోండి. క్రాష్‌లు కూడా అవుతూ, మీది 13 లేదా 14వ తరం ఇంటెల్ ఐ7, ఐ9 అయితే బయోస్ అప్‌డేట్ చేయండి. అధిక వోల్టేజీ సమస్యకు ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) మార్పు ఇచ్చింది.

డీఫాల్ట్‌లో బాగుండి ఓవర్‌క్లాక్‌లోనే పడిపోతుంటే, కోర్ వోల్టేజీ ఆటోలో ఉందేమో చూడండి. ఆటోలో బోర్డు చాలాసార్లు అవసరానికి మించి ఇస్తుంది. మీరే ఒక అంకె పెట్టి, స్పీడ్‌ను 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి.

ఇక నన్ను బాగా తిప్పలు పెట్టిన కారణం వీఆర్ఎం (బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం) వేడి. కొర్లగుంటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడు ఎయిర్ కూలర్ తీసేసి వాటర్ కూలర్ పెట్టించుకున్నాడు. ప్రాసెసర్ 70 డిగ్రీలు కూడా దాటడం లేదు, అయినా స్పీడ్ పడిపోతోంది. పేస్ట్ రెండుసార్లు మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. వారం పోయింది. చివరికి ప్రాసెసర్ పక్కనున్న హీట్‌సింక్ మీద వేలు పెడితే చురుక్కుమంది.

12 వోల్టులను ప్రాసెసర్‌కు కావాల్సిన వోల్టేజీకి దించేది వీఆర్ఎం. ప్రాసెసర్ 1.25 వోల్టుల దగ్గర 200 వాట్లు తీసుకుంటే దాని గుండా 160 ఆంపియర్లు పారాలి. ఎయిర్ కూలర్ ఉన్నప్పుడు దాని గాలి వీఆర్ఎంకూ కొంత తగిలేది. వాటర్ కూలర్ పెట్టాక సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) చుట్టూ గాలి ఆగిపోయింది. వీఆర్ఎం హద్దు దాటి కాగితే, దాన్ని కాపాడటానికి సిస్టమ్ ప్రాసెసర్ స్పీడ్‌ను తగ్గించేస్తుంది. మనం చూసేది ప్రాసెసర్ వేడి ఒక్కటే కాబట్టి అసలు సంగతి దొరకదు.

తేల్చుకోవడం తేలికే. సైడ్ ప్యానెల్ తీసి, టేబుల్ ఫ్యాన్ నేరుగా సాకెట్ వైపు పెట్టి నడపండి. స్పీడ్ నిలబడితే కారణం ఇదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వేడి, స్పీడ్ చూపించే ప్రోగ్రామ్) బోర్డు చూపిస్తే వీఆర్ఎం వేడి, ఇంటెల్ అయితే 'వీఆర్ థర్మల్ అలర్ట్' వరస కూడా చూడండి. వీఆర్ఎం నిదానంగా కాగుతుంది, ఐదు నిమిషాల టెస్ట్‌లో బయటపడదు. కనీసం అరగంట, ఏసీ ఆపి, మధ్యాహ్నం రెండింటికి నడపండి. జనవరి రాత్రి పాసైన సెట్టింగ్ రోహిణి కార్తెకు నిలబడకపోవచ్చు.

ఆ తమ్ముడి కేస్‌కు పైన, వెనుక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బిగించి, లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పడినప్పుడు వోల్టేజీ పడిపోకుండా చూసే బయోస్ సెట్టింగ్) ఒక మెట్టు దించి, 100 మెగాహెర్ట్జ్ తగ్గించాను. ఆ సమస్య మళ్లీ రాలేదు. వీఆర్ఎం మీద హీట్‌సింక్ కూడా లేని చౌక బోర్డు అయితే ఓవర్‌క్లాక్ మానుకోండి.

స్పీడ్ పడకుండా బ్లూ స్క్రీన్ వస్తుంటే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆపి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడపండి. లోడ్ పడగానే సిస్టమ్ ఠక్కున ఆరిపోతే ఇంకో ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పెట్టి చూడండి. సాకెట్ పిన్ వంగడం లాంటివి అరుదు, వాటి జోలికి చివర్లోనే వెళ్లండి.