చలికాలం చివర్లో చిన్న చెరువులో పెద్ద బాస్ చేపను పట్టడం ఎలా?

డల్లాస్ చుట్టుపక్కల ఫిబ్రవరిలో చెరువుల దగ్గర మనిషి కనపడడు. చలి, గాలి, పొద్దున గడ్డి మీద మంచు, పైగా మూడు గంటలు గాలం వేసినా చిన్న చేప కూడా ముట్టదు, అందుకే చాలామంది ఏప్రిల్‌లో చూద్దాంలే అని రాడ్లు గరాజ్‌లో పెట్టేస్తారు. నేను మాత్రం జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా ఉండే ఈ ఐదారు వారాల కోసమే ఏడాదంతా ఎదురుచూస్తాను. ఈ రోజుల్లో చేపలు తక్కువ పడతాయి. రోజుకు ఒకటి, చాలా రోజులు అదీ లేదు. కానీ పడ్డ ఆ ఒక్కటే ఆ ఏడాదికి మీ పెద్ద చేప అయ్యే అవకాశం ఎక్కువ.

ఎందుకంటే లార్జ్‌మౌత్ బాస్‌లో, అంటే పెద్ద నోరుండే ఈ మంచినీటి వేట చేపలో, బాగా పెద్దది దాదాపు ఎప్పుడూ ఆడ చేపే, మగవి నాలుగైదు పౌండ్లు దాటడం అరుదు. నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక గుడ్లు పెడతాయి కాబట్టి, దానికి ముందు నెలలో ఆడ చేప కడుపు నిండా జనతో, అంటే గుడ్లతో, ఏడాదిలోకెల్లా ఎక్కువ బరువు తూగుతుంది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర శాఖ వాళ్ళు షేర్‌లంకర్ అనే కార్యక్రమం కింద 13 పౌండ్లు, ఆపైన ఉన్న చేపల్ని పిల్లల ఉత్పత్తి కోసం తీసుకునేది కూడా జనవరి 1 నుంచి మార్చి 31 దాకానే. టెక్సస్ రాష్ట్ర రికార్డు, 18.18 పౌండ్ల చేప, లేక్ ఫోర్క్‌లో పడింది 1992 జనవరిలో. అది కూడా క్రాపీ అనే చిన్న జాతి చేపల కోసం బతికున్న చిరు చేపను ఎరగా వేసినాయనకి పడింది. చల్లటి నీళ్ళలో పెద్ద చేప ఎంత చిన్న ఎరను, ఎంత మెల్లగా కదిలేదాన్ని తింటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన ఊళ్ళలో కొర్రమీను పట్టినవాళ్ళకి బాస్ త్వరగా అర్థమవుతుంది. రెండూ నాచు పక్కనో, మొద్దు కిందో కదలకుండా పొంచి ఉండి దగ్గరికొచ్చినదాన్ని అందుకునే రకాలు, రెండూ పిల్లల్ని కాపలా కాసేవే.

1. చెరువును ఎంచుకోండి

నేను చిన్న చెరువు అంటున్నది వంద ఎకరాలకు అటూ ఇటూ ఉన్నవాటిని. ఉదాహరణకి బోనమ్ స్టేట్ పార్క్‌లోది 65 ఎకరాలు, మెరిడియన్‌లోది 72, క్లీబర్న్‌లోది 116. వీటిలో పడవ లేకపోయినా ఫర్వాలేదు, నడిచి చాలావరకు చుట్టి రావచ్చు. స్టేట్ పార్క్ లోపల ఒడ్డు నుంచి గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టండి. మిగతా పబ్లిక్ చెరువుల్లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ తప్పనిసరి, ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. కాలనీల్లో ఉండే చెరువులైతే ఎవరికి అనుమతి ఉందో ముందు గట్టు మీది బోర్డు చదవండి.

ఇంకో సంగతి. చలికాలంలో రాష్ట్రం వాళ్ళు ఊళ్ళలోని పార్కు చెరువుల్లో రెయిన్‌బో ట్రౌట్ వదులుతారు, ఏ రోజు ఎక్కడ వదిలేదీ ముందే ప్రకటిస్తారు. ఆ ట్రౌట్ జానెడు పొడవుంటుంది. పెద్ద బాస్‌కి అది విందు. ట్రౌట్ వదిలే చెరువులో పాత బాస్‌లు ఉన్నాయని తెలిస్తే నేను మరో చెరువు వైపు చూడను.

2. రోజును ఎంచుకోండి

పది డాలర్లలోపు దొరికే థర్మామీటర్ ఒకటి దారానికి కట్టి జేబులో పెట్టుకోండి. ఏ ఎర కొనాలన్న ప్రశ్న కంటే నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయన్నదే ముఖ్యం. 45 డిగ్రీల కింద చేప దాదాపు కదలదు, 48 నుంచి 55 మధ్య లోతు నుంచి గట్టు వైపు జరగడం మొదలవుతుంది. అయితే అంకె కంటే అది ఎటు పోతోందో చూడాలి. 54 నుంచి 49కి పడిపోయిన చెరువు కంటే 46 నుంచి 50కి ఎక్కిన చెరువు నయం.

వరసగా మూడు రోజులు ఎండ కాసి, దక్షిణం నుంచి వెచ్చటి గాలి వీచి, రాత్రిళ్ళు కూడా మరీ చల్లబడకపోతే మూడో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టయినా వెళ్ళండి. టెక్సస్‌లో నార్తర్ అని పిలిచే ఉత్తరపు చలిగాలి వచ్చి వెళ్ళాక ఆకాశం నీలంగా, ముచ్చటగా ఉంటుంది కానీ చేప నోరు తెరవదు, ఆ రెండు రోజులు ఇంట్లో ఉండడమే మంచిది. ఆ గాలి రావడానికి ముందు మబ్బు పట్టి ఉక్కగా ఉండే కొన్ని గంటలు మాత్రం వదులుకోవద్దు.

తెల్లవారుజామున లేవాల్సిన పని కూడా లేదు. వేసవి అలవాటుతో ఆరింటికే వెళ్ళి వణుకుతూ పదింటికి తిరిగొచ్చేస్తారు చాలామంది. నీళ్ళు వెచ్చబడేది ఒంటిగంట తర్వాత. భోంచేసి వెళ్ళండి, సూర్యుడు దిగేదాకా ఉండండి.

3. ఏ గట్టు మీద నిలబడాలి

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి, ఎందుకంటే చిన్న చెరువులో సగం పని ఇదే. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, అందుకని ఉత్తరపు గట్టుకి రోజంతా ఎండ తగులుతుంది, దక్షిణపు గట్టు చెట్ల నీడలో ఉంటుంది. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలికి ఉత్తరపు గట్టే అడ్డు. దక్షిణపు గాలి వీచినప్పుడు పైన వెచ్చబడ్డ నీళ్ళన్నీ మెల్లగా తోసుకుంటూ వచ్చి చేరేది కూడా ఆ గట్టుకే. మూడు కారణాలూ ఒకే చోటు చూపిస్తుంటే ఇంక వేరేచోట వెతకడం దేనికి? నేను ఒకే చెరువులో ఒకే మధ్యాహ్నం రెండు గట్ల దగ్గరా థర్మామీటర్ పెట్టి చూశాను, నాలుగు డిగ్రీల తేడా వచ్చింది.

అయితే ఉత్తరపు గట్టంతా ఒకటే కాదు. లోతు దగ్గర్లో ఉన్న చోటు కావాలి. చేప చలికాలమంతా కట్ట దగ్గరి లోతులోనో, పాత వాగు గుంటలోనో ఉండి, వెచ్చబడ్డప్పుడు పైకొచ్చి, చల్లబడగానే మళ్ళీ దిగిపోతుంది. ఆ రాకపోకలకి దగ్గరి దారిలో ఏముందో చూడండి: నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల మొన, పడిపోయిన చెట్టు, కట్టకి పేర్చిన రాళ్ళు, నల్ల బురద అడుగు, కిందటేడాది నాచులో ఇంకా పచ్చగా మిగిలిన తుంపు. రాళ్ళూ నల్లటి అడుగూ ఎండను పట్టి ఉంచుతాయి. పచ్చ నాచు చుట్టూ చిరు చేపలు చేరతాయి.

లోతు తెలియకపోతే బరువైన జిగ్, అంటే సీసపు తల ఉన్న కొక్కెం, ఒకటి విసిరి, అది అడుగు తాకి లైన్ వదులయ్యేదాకా లెక్కపెట్టండి. ఒకచోట నాలుగు, రెండు గజాలు పక్కన తొమ్మిది వచ్చిందంటే అక్కడ అంచు ఉంది. అలాంటి అంచులు నాలుగైదు గుర్తుపెట్టుకుంటే ఆ చెరువు మీ చేతిలో ఉన్నట్టే. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ కూడా ముందురోజు రాత్రి చూసుకోండి, నేల మొనలు బాగా కనిపిస్తాయి.

గట్టు దగ్గరికి నడిచేటప్పుడు జాగ్రత్త. ఈ రోజుల్లో నీళ్ళు తేటగా ఉంటాయి, చేప మోకాలి లోతులో కూడా ఉండొచ్చు. అడుగుల అదురు దానికి తెలుస్తుంది. నా మొదటి ఎనిమిది పౌండ్ల చేప నేను నిలబడ్డ చోటికి ఆరడుగుల దూరంలో పడింది, ఫిబ్రవరి మూడో వారం, సాయంత్రం నాలుగున్నరకి. అప్పటి నుంచి నేను నీళ్ళకి రెండు మూడు గజాలు వెనక్కి ఆగి, మొదటి రెండు విసుర్లూ గట్టు పొడవునా, గట్టుకి ఆనించినట్టు వేస్తాను, ఆ తర్వాతే లోపలికి.

4. ఎర

మూడు చాలు.

మొదటిది జెర్క్‌బెయిట్, సన్నగా పొడవుగా ఉండి, లాగడం ఆపితే నీళ్ళ మధ్యలో అలాగే నిలబడే రకం. నీళ్ళు 45 కిందికి దిగితే థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిరు చేపలు చలికి సొమ్మసిల్లి, కొంచెం కొట్టుకుని, ఆగి, మళ్ళీ కొట్టుకుంటూ చస్తుంటాయి. ఈ ఎర చేయాల్సింది ఆ నటనే. రాడ్ కొనతో రెండుసార్లు చిన్నగా తట్టండి, ఆపండి. ఎంతసేపు? నీళ్ళు 50 కింద ఉంటే పది సెకన్లు, పదిహేను సెకన్లు, ఒక్కోసారి ఇరవై. లోపల్లోపల లెక్కపెట్టండి, లేకపోతే మూడు సెకన్లకే చెయ్యి కదిలిపోతుంది. చేప అందుకునేది ఎర ఆగి ఉన్నప్పుడే. దీనికి 10 లేదా 12 పౌండ్ల బరువు ఆపగల ఫ్లోరోకార్బన్ లైన్ వాడండి, మామూలు నైలాన్ లైన్ దానంతగా మునగదు, ఎరని లోతుకి దిగనివ్వదు.

రెండోది ఎర్ర రంగు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్, అంటే ముందు నాలుకలాంటి రేకు లేని, చేప ఆకారపు గట్టి ఎర. చలి తగ్గేకొద్దీ ఇక్కడి చిన్న మంచినీటి ఎండ్రరొయ్యలు, అదే క్రాఫిష్, బయటికి వస్తాయి కాబట్టి ఆ ఎరుపు. పచ్చ నాచు ఉన్నచోట విసిరి, నాచుకి తగలనిచ్చి, తగలగానే రాడ్‌తో ఒక్క కుదుపు కుదిపి విడిపించి కిందికి పడనివ్వండి. ఆ పడేటప్పుడే దెబ్బ. నీళ్ళు 50 దాటిన రోజు గట్టంతా త్వరగా వెతకడానికి దీన్ని మించింది లేదు.

మూడోది జిగ్, అర ఔన్సు లోపు, గోధుమ రంగో నలుపూ నీలమూ కలిసిందో, వెనక చిన్న ప్లాస్టిక్ తోక. అంచు మీద వేసి, అడుగున రాయి రాయికీ తగులుతూ ఈడ్చండి. రీలుతో కాదు, రాడ్‌ని పక్కకి జరుపుతూ. మీకు మెల్లగా అనిపించిన వేగంలో సగం చేయండి. దీనికి 15 పౌండ్ల లైన్, ఏడడుగుల గట్టి రాడ్.

ట్రౌట్ వదిలే చెరువైతే ఆ రంగులో ఆరేడు అంగుళాల స్విమ్‌బెయిట్, అంటే చేపలా ఈదే ఎర, నాలుగోది. రోజంతా వేసినా తాకకపోవచ్చు, ఓపిక ఉన్నవాళ్ళకే.

5. తగిలిందని ఎలా తెలుస్తుంది

వేసవిలోలాగా చేతికి ఝల్లుమనదు. జిగ్ ఒక్కసారిగా బరువెక్కినట్టు, తడి గుడ్డ పట్టుకున్నట్టు ఉంటుంది, లేదా లైన్ తనంతట తాను ఒక పక్కకి జరుగుతుంది. నాచేమో అనుకుని ఆగిపోతే చేప ఉమ్మేస్తుంది. అనుమానం వస్తే వదులు చుట్టేసి గట్టిగా లాగండి. పది సార్లలో తొమ్మిది సార్లు నాచే అవుతుంది, నష్టం లేదు.

పడ్డాక కంగారు వద్దు. డ్రాగ్, అంటే చేప లాగితే లైన్ జారనిచ్చే రీలు బిగువు, కొంచెం వదులుగా ఉంచి, రాడ్ కిందికి వంచి పట్టుకోండి, పైకెత్తితే చేప గాల్లోకి ఎగిరి తల విదిలించి కొక్కెం విడిపించుకుంటుంది. వల, అంటే చేతి నెట్, తప్పకుండా తీసుకెళ్ళండి.

6. కొలిచి, వదిలేయండి

టెక్సస్‌లో మామూలు నిబంధన 14 అంగుళాలు దాటినవి రోజుకి ఐదు ఉంచుకోవచ్చని, కొన్ని చెరువులకి వేరే నిబంధనలున్నాయి, వెళ్ళేముందు చూసుకోండి. తినడానికి కావాలంటే చిన్నవి రెండు తీసుకెళ్ళండి, తప్పేం లేదు. కానీ జనతో ఉన్న పెద్ద ఆడ చేపని తీసుకెళ్ళకండి. యాభై ఎకరాల చెరువులో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, ఆ సైజు రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది.

చేతులు తడిపి పట్టుకోండి, పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు ఊడొస్తుంది. దవడ ఒక్కటే పట్టి వేలాడదీయకుండా రెండో చెయ్యి కడుపు కింద పెట్టండి. తక్కెడ లేకపోతే టేపు చాలు: అంగుళాల్లో చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 800తో భాగిస్తే పౌండ్లలో దాదాపు బరువు వస్తుంది. 24 అంగుళాల పొడవు, 18 చుట్టుకొలత ఉంటే సుమారు 9.7 పౌండ్లు. ఫోటో ఒకటి, మహా అయితే రెండు, అదీ నీళ్ళ పక్కనే కూర్చుని. మీరు ఊపిరి బిగబట్టి ఉండగలిగినంతసేపే దాన్ని బయట ఉంచండి. నీళ్ళలో పెట్టి, అది తోక విదిల్చి మీ చేతుల్లోంచి తనే వెళ్ళేదాకా పట్టుకోండి.

మార్చి గడిచేకొద్దీ గట్టు దగ్గర పళ్ళెం కంటే పెద్దగా, శుభ్రంగా తుడిచినట్టున్న గుంటలు కనపడతాయి. అవి గూళ్ళు. వాటి మీద కాపలా ఉన్న చేపని లాగితే నిమిషాల్లో ఇతర చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. ఆ గుంటలు కనిపించిన రోజు నుంచి నేను ఆ గట్టు వదిలేసి, కట్ట వైపు లోతుకి వెళ్ళి క్రాపీకి గాలం వేసుకుంటాను.