జెట్ స్కీ ఇంజన్ మరమ్మతు - 4వ పాఠం: మళ్లీ మళ్లీ పట్టేసే ఇంజన్

గత పాఠంలో ప్లగ్గు రంగును బట్టి మంట తీరు పోల్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి మొండి జబ్బు. కొత్త పిస్టన్ వేసి నెల తిరగకముందే ఇంజన్ మళ్లీ పట్టేస్తుంది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. మళ్లీ బోరు చేయిస్తారు, ఇంకాస్త పెద్ద సైజు పిస్టన్ వేస్తారు, మళ్లీ అదే కథ.

కిందటి వేసవిలో మైలవరం జలాశయం నుంచి జమ్మలమడుగుకు ఒక టూ స్ట్రోక్ జెట్ స్కీ మరమ్మతుకు వచ్చింది. రెండు సిలిండర్ల బండి. అది పట్టేయడం మూడోసారి, మూడుసార్లూ వెనక సిలిండరే. మొదటి రెండు పిస్టన్లు ఏవని అడిగితే పాత ఇనుముకు వేసేశామన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. పోయిన పిస్టన్ మనకున్న ఏకైక సాక్షి. దయచేసి దాన్ని పారేయకండి.

పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూడండి. గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉంటే అతివేడి: పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది, లేదా చల్లబరిచే నీరు అందలేదు. ఇన్‌టేక్ వైపు ఉంటే ఆయిల్ అందలేదని అనుమానించండి. చుట్టూ నాలుగు చోట్ల ఒకే తీరున గీసుకుపోయి ఉంటే, ఇంజన్ వేడెక్కకముందే పూర్తి వేగంతో తోలారు, లేదా బోరు బిగుతుగా చేశారు. పిస్టన్ తలకు రంధ్రం పడితే మంట అదుపు తప్పిందని అర్థం.

తర్వాతి ప్రశ్న: ఒక సిలిండరా, రెండూనా? రెండూ పోతే ట్యాంకు, ఆయిల్ పంపు, నీటి దారి వంటి ఉమ్మడి కారణం వెతకాలి. ఎప్పుడూ ఒక్కటే పోతుంటే ఆ పక్కనే దొంగ ఉన్నాడు. మన బండిలో గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయి. నీటి గొట్టాల్లో పెన్నా ఒండ్రు లేదు, ఆ సిలిండర్ కార్బురేటర్ లోపలి జల్లెడ శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది క్రాంక్ సీలు, అంటే క్రాంక్ షాఫ్టు చివర గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయం.

ఆర్‌ఎక్స్ 100 బాగుచేసినవారికి ఇది పరిచితమే. సీలు అరిగితే బయటి గాలి లోపలికి దూరి మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగదు. అయితే బైకుకు మలుపులో, దిగుడులో కాస్త విశ్రాంతి దొరుకుతుంది. నీటి మీద దిగుడు లేదు. యాక్సిలరేటర్ నొక్కినంతసేపూ పూర్తి బరువు లాగాల్సిందే. అందుకే బైకు నెలల తరబడి ఓర్చుకునే లోపం ఇక్కడ కొద్ది నిమిషాల్లోనే పిస్టన్‌ను తినేస్తుంది.

దీన్ని కంటితో పట్టలేం, గాలి పరీక్ష చేయాలి. కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ విప్పి, ఆ ద్వారాలను రబ్బరు ముక్క, రేకు పెట్టి బోల్టులతో మూయండి. ప్లగ్గులు బిగించే ఉంచండి. పెట్రోలు పంపుకు వెళ్లే పల్స్ గొట్టం చోట రక్తపోటు చూసే పాత పరికరం తగిలించి బంతి నొక్కండి. ముల్లు 300 దగ్గరికి వస్తే చాలు, అది సుమారు 6 పీఎస్‌ఐ. అంతకు మించవద్దు. నిమిషంలో 50 కన్నా ఎక్కువ పడిపోతే కారుతున్నట్టే. అతుకులన్నిటికీ సబ్బు నీరు పూయండి. ముందు సీలు ఫ్లైవీల్ వెనక దాగి ఉంటుంది, దాని మూత తీయనిదే నమ్మకండి. మన బండిలో వెనక సీలు దగ్గర బుడగలు పొంగాయి.

సీలు ఖరీదు పిస్టన్ ఖరీదులో కొంతే. కానీ చాలా ఇంజన్లలో దాన్ని మార్చాలంటే క్రాంక్‌కేసు రెండుగా విప్పాలి. ఇంతకుముందు చేసినవారు దాటవేసింది ఆ శ్రమనే అనుకుంటాను. విప్పడం మరో విధంగానూ మేలు చేసింది: పాత పిస్టన్ల అల్యూమినియం తునకలు అడుగున దొరికాయి. అవి కొత్త బేరింగును కూడా మింగేవి.

బిగించాక మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపండి, ఆయిల్ పంపు పనిచేస్తున్నా సరే. ఒడ్డున గొట్టం పెట్టి పరీక్షించేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత నీరు. ఆపేటప్పుడు ముందు నీరు, తర్వాత ఇంజన్. ఈ వరుస తప్పితే ఎగ్జాస్ట్ నిండి నీరు సిలిండర్లలోకి ఎక్కుతుంది.

వచ్చే పాఠం కార్బురేటర్ జెట్టు సైజు గురించి. అప్పటికి మీ ఇంజన్ రెండు సిలిండర్ల కంప్రెషన్, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలిచి రాసుకురండి. రెండింటికీ తేడా పది శాతం దాటితే ముందు ఈ పాఠమే మళ్లీ చేయండి.