30 గంటల విమాన ప్రయాణంలో ఒళ్లు కంపు కొట్టకుండా

శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో డాలస్ వెళ్లేవాళ్లకి, ఇక్కడ చేసిన స్నానానికీ అక్కడ చేసే స్నానానికీ మధ్య సుమారు 30 గంటలు పడుతుంది. బిజినెస్ క్లాస్ వాళ్ల సంగతి వదిలేయండి, ఇది వెనక సీట్ల వాళ్ల కోసం.

ముందు ఒక చిన్న జిప్ పౌచ్ సర్దుకోండి. బ్రష్, చిన్న పేస్టు, రోల్-ఆన్, వెట్ వైప్స్, వాజిలిన్, ఒక జత లోదుస్తులు, సాక్సులు. అది పైన లగేజీ అరలో పెట్టారంటే లేనట్టే లెక్క, పక్కవాళ్లు నిద్రపోతుంటే లేపి తీయడానికి మొహమాటపడి ఊరుకుంటాం, అందుకే సీటు ముందు జేబులోనో కాళ్ల దగ్గరో ఉండాలి. క్రీములు, పేస్టులు 100 మి.లీ. దాటకూడదు, సగం అయిపోయిన 150 మి.లీ. ట్యూబు కూడా చెల్లదు, సెక్యూరిటీ వాళ్లు చూసేది డబ్బా మీద రాసిన సైజే.

ఇక ఎవరూ పైకి అడగని విషయం, టాయ్‌లెట్. చాలా విమానాల్లో జెట్ స్ప్రే ఉండదు, మగ్గు అసలే ఉండదు. ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి దగ్గర పెట్టుకుని, లోపల బేసిన్‌లో నింపుకుంటే సరిపోతుంది, కింద నీళ్లు పడితే టిష్యూతో తుడిచేయండి. వైప్స్ మాత్రం కమోడ్‌లో వేయొద్దు, అది గాలితో లాగేసే ఫ్లష్, ఇరుక్కుంటే ఆ టాయ్‌లెట్ ఇక మూసేయడమే. అమ్మానాన్నలు మొదటిసారి వెళ్తుంటే ఇదంతా ఇంట్లోనే చెప్పి పంపండి, తలుపు గడియ పెడితేనే లోపల లైటు పూర్తిగా వెలుగుతుందని కూడా. పాపం, చీకట్లో కంగారుపడతారు.

ట్రేలు తీసేశాక అందరూ ఒకేసారి లేస్తారు, పెద్ద క్యూ. భోజనం రాకముందే వెళ్లొచ్చేయండి. దిగేముందు కూడా అంతే, టిఫిన్ పెట్టడానికి లైట్లు వేస్తారు చూడండి, అంతకు ముందే లేచి మొహం, చంకలు, మెడ వైప్స్‌తో తుడుచుకుని, లోదుస్తులు మార్చుకుని, రోల్-ఆన్ రాసుకోండి. పళ్లు తోముకుని పుక్కిలించడానికి తాగే నీళ్లే వాడండి, ఆ బేసిన్ నీళ్లు నోట్లో పోసుకునేవి కావు. సీట్లో కూర్చుని సెంటు కొట్టుకోవడం దయచేసి వద్దు, పక్కవాళ్లకి తలనొప్పి.

లోపల గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కూడా ఉండదు. పెదాలు, ముక్కు లోపల ఎండిపోతాయి, కొంచెం వాజిలిన్ రాయండి. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోండి.

గాలి ఒత్తిడి కూడా ఊటీలాంటి కొండ మీద ఉన్నట్టే ఉంటుంది, కడుపులో గ్యాస్ ఉబ్బుతుంది. కాబట్టి బయల్దేరే ముందు శనగలు, కూల్‌డ్రింకులు తగ్గించండి. బెంగగా ఉన్న అమ్మ పెట్టే ముద్దపప్పు కూడా, ఎంత బతిమాలినా.

బట్టలు వదులుగా, కాటన్‌వి, పైన ఒక పల్చటి స్వెటర్. బూట్లు విప్పితే విప్పండి కానీ సాక్సులతో టాయ్‌లెట్‌లోకి వెళ్లకండి, ఆ తడి అంతా నీళ్లే అనుకోవడానికి లేదు. మడిచి పెట్టుకునే రబ్బరు చెప్పులు ఉంటే మేలు.

మధ్యలో ఆగే ఎయిర్‌పోర్టులో మూడు, నాలుగు గంటలుంటే లాంజ్‌లో డబ్బు కట్టి స్నానం చేసే వీలుందేమో అడగండి. కుదరకపోతే టీషర్టు అయినా మార్చండి, విప్పింది జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూసేయండి.