ఇల్‌ఖానుల చరిత్ర చదవాలా? కాకతీయులను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి

మా మేనల్లుడు ఇక్కడే చెన్నైలో, అన్నానగర్ హాస్టల్లో ఉండి సివిల్స్‌కి చదువుతున్నాడు. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, "మావయ్యా, ఈ మంగోల్ పేర్లు చూస్తేనే టెన్షన్ వస్తోంది, ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది" అన్నాడు. ఇల్‌ఖానులంటే ఇరాన్‌ని ఏలిన మంగోల్ రాజులు; వాళ్ళను హులాగు, అబాఖా, తెగుదర్, అర్ఘూన్, గైఖాతు అంటూ వరసగా బట్టీ పడితే ఎవరికైనా అంతే. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక చార్ట్ నేల మీద పరిచి మధ్యలో నిలువు గీత కొట్టండి. ఎడమ పక్క మన వాళ్ళు: గణపతిదేవుడు 1262 వరకు, రుద్రమదేవి 1289 వరకు, ప్రతాపరుద్రుడు 1323 వరకు. కుడి పక్క ఇరాన్: 1256లో చెంఘిజ్ ఖాన్ మనవడు హులాగు ఇస్మాయిలీల అలమూత్ కోటను లొంగదీశాడు, 1258లో బాగ్దాద్ పడి ఖలీఫా ముస్తాసిమ్ ప్రాణం పోయింది, 1260లో పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర, ఈజిప్టును ఏలుతున్న మామ్లూకులు మంగోలులను ఆపేశారు, 1295లో గజాన్ ఇస్లాం తీసుకుని గద్దె ఎక్కాడు, 1335లో అబూ సయీద్ వారసుడు లేకుండా పోయాడు. ఓరుగల్లు పడిన పన్నెండేళ్ళకి అక్కడా కథ ముగిసిందని ఒక్కసారి కళ్ళతో చూస్తే మళ్ళీ మర్చిపోరు.

తర్వాత మ్యాప్. బాగ్దాద్ గెలిచినవాళ్ళు బాగ్దాద్‌ని రాజధాని ఎందుకు చేసుకోలేదు అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు గడ్డి. గుర్రాలూ మందలూ లేకపోతే మంగోల్ సైన్యమే లేదు, వాటికి ఎండాకాలం చల్లటి కొండ మేత కావాలి, చలికాలం ముఘాన్ మైదానం లాంటి చోటు కావాలి. అందుకే మరాఘా, తబ్రీజ్, సుల్తానియా, మూడూ ఇరాన్ వాయవ్య మూలనే ఉంటాయి. ఖగోళ పండితుడు నసీరుద్దీన్ తూసీ కోసం హులాగు 1259లో వేధశాల మొదలుపెట్టించింది కూడా ఆ మరాఘాలోనే.

ఇప్పుడు రాజుల వరస వదిలేసి, 1294లో తబ్రీజ్ బజారుకి వెళ్ళండి. నా మటుకు నాకు ఈ రాజ్యం అర్థమైంది అక్కడే. గైఖాతు దుబారాకి, పశువుల రోగానికి ఖజానా ఖాళీ అయితే, చైనాలో నడుస్తోంది కదా అని 'చావ్' అనే కాగితం డబ్బు అచ్చు వేయించారు. దాని మీద చీనా అక్షరాలూ, ఇస్లాం విశ్వాస వాక్యమైన కలిమా, రెండూ ఉండేవి. తీసుకోనన్నవాడికి మరణశిక్ష. అయినా వర్తకులు దుకాణాలు మూసేశారు, సరుకు మాయమైంది, చేతిలో నోటు ఉన్నా తినడానికి రొట్టె దొరకని పరిస్థితి. రెండు నెలలకే వెనక్కి తీసుకున్నారు. గజాన్ వచ్చాక పన్ను ఎంతో ముందే ఖాయం చేసి, పలకల మీద రాయించి ఊళ్ళలో అందరికీ కనిపించేలా ఎందుకు పెట్టించాడో ఇది తెలిశాకే తలకెక్కుతుంది.

ఒక జాగ్రత్త. మనకు తెలిసిన చాలా విషయాలు వజీరు రషీదుద్దీన్ రాసిన చరిత్ర నుంచే వచ్చాయి, ఆయన గజాన్ కొలువులో మనిషి. గజాన్‌కి ముందంతా చీకటి అన్నట్టు రాస్తే, ఎవరు రాస్తున్నారో గుర్తుంచుకుని చదవండి. ఆయన్నీ 1318లో చంపించారు, అది అబూ సయీద్ కాలం.

ఇక చార్ట్ మీద ఆ ఎడమ, కుడి పక్కల్నీ కలుపుతూ ఒక బాణం గీయండి. అర్ఘూన్‌కి ఇచ్చి పెళ్ళి చేయాల్సిన రాకుమారి కోకచిన్‌ని చైనా నుంచి ఓడల్లో తెచ్చిన బృందంలో మార్కో పోలో ఉన్నాడు, వాళ్ళు చేరేసరికి అర్ఘూన్ లేడు, ఆమెను గజాన్‌కి ఇచ్చారు. ఆ మార్కో పోలోనే తన పుస్తకంలో 'ముత్‌ఫిలి' గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి, న్యాయంగా ఏలిన ఒక రాణి గురించి రాశాడు. ముత్‌ఫిలి అంటే కాకతీయుల రేవు, మన మోటుపల్లి, ఆ రాణి రుద్రమదేవి అనే చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. మావాడు ఆ బాణం గీసి కాసేపు అలాగే చూస్తూ కూర్చుని, "మావయ్యా, మోటుపల్లి ఇక్కణ్ణుంచి ఎంత దూరం?" అని అడిగాడు.